రేలకోన ఆసుపత్రిలో తోకవాసి

గాడిద చాకిరీ అంటే ఏమిటో కళ్ళారా చూడాలనుకుంటే రేలకోన ఆసుపత్రికి వెళ్ళి సింగారిని చూస్తే చాలు. సింగారి గాడిదే. చాకిరేవు మూతపడి చాకళ్ళంతా పట్నం పోయాక, మోత తప్పిందని సంబరపడాల్సింది పోయి, ఆసుపత్రిలో చేరి అంతకు రెట్టింపు మోత నెత్తికెత్తుకుంది.

అడవి అయిపోయి చేలు మొదలయ్యే చోట, రేలచెట్లు గుంపుగా పెరిగిన చిన్న లోయ రేలకోన. అందులో ఎవరో ఎప్పుడో వదిలేసి పోయిన ఇటుక బట్టీ ఉంది. మూరెడు మందం గోడలు. ఎండాకాలం చల్లగా, వానాకాలం పొడిగా ఉంటుంది. అదే ఆసుపత్రి. కోనలో ఎవరికి ముల్లు గుచ్చుకున్నా, కడుపు ఉబ్బినా, కాన్పు కష్టమైనా అక్కడికే పరుగు.

ఒకప్పుడు అక్కడ పనివాళ్ళు బాగానే ఉండేవారు. డాక్టరుగారు ఎలుగుబంటి. మందులు నూరడానికి ముంగిస, ముళ్ళూ ఎముకలూ పైకి లాగడానికి కొంగ, మిగతా పనులకి సింగారి. మిగతా పనులంటే నీళ్ళు మొయ్యడం, నేల ఊడవడం, కట్లు కట్టడం, పురిటి నొప్పులు పడేవాళ్ళకి ధైర్యం చెప్పడం, ప్రాణం దక్కని వాళ్ళ బంధువుల పక్కన ఊరికే కూర్చోవడం.

తర్వాత వాగు అవతల పెద్దకోనలో పెద్దాసుపత్రి పెట్టారు. అక్కడ వంతులవారీ డ్యూటీ, వేళకి తిండి. ముందు కొంగ వెళ్ళింది. "చేపల మడుగుంది సింగారీ అక్కడ, నేనూ బతకాలిగా" అంది. దాని వెనకే ముంగిస. పాపం దానికి పిల్లలెక్కువ. సింగారి ఇద్దర్నీ ఒక్క మాట అనలేదు. అప్పట్నుంచి నలుగురి పని ఇద్దరి మీద పడింది. అలా ఎవరి నడుమైనా ఎన్నాళ్ళు ఆగుతుంది? ఎలుగు డాక్టరుగారు మాత్రం చాలాకాలం లాక్కొచ్చాడు. చూపు ఆనక, ఒకనాడు తిప్పతీగ అనుకుని పాముని పట్టుకున్నాడు. ఆ పాము పెద్దమనసుతో ఊరుకుంది గనక సరిపోయింది. ఇక లాభం లేదని ఆయనా కొండమీద కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

"అందరూ పోయారు, నువ్వొక్కదానివీ ఈ బట్టీని పట్టుకుని వేలాడతావేంటే?" అని చిగురమ్మ మేక అడిగింది.

"నా పిల్ల సంగతి నీకు తెలుసుగా చిగురమ్మా" అంది సింగారి.

ఆ సంగతి కోనలో అందరికీ తెలుసు. ఈ ఆసుపత్రి లేని రోజుల్లో, వానాకాలంలో సింగారి పిల్లకి కడుపునొప్పి వచ్చింది. వాగు అవతల వైద్యుడి దగ్గరికి పోదామంటే వాగు పొంగి ఉంది. ఒడ్డున పడుకోబెట్టి, వాగు ఎప్పుడు తగ్గుతుందా అని తల్లి నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. వాగు తగ్గింది. అప్పటికి పిల్ల లేదు. వాగు తగ్గేదాకా ఆగమని నొప్పికి చెప్పలేం కదా. ఆ ఒడ్డున ఇంకో తల్లి అలా కూర్చోకూడదని సింగారి పంతం. అందుకే బట్టీని వదల్లేదు.

కోనకి పెద్ద ఏనుగు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. మంచివాడే, కానీ ఎవరు ఏం చెప్పినా "అదీ నిజమే" అంటాడు. ఆయన వచ్చి బట్టీ చుట్టూ ఒకసారి తిరిగి, "డాక్టరు లేని ఆసుపత్రి దేవుడు లేని గుడి సింగారీ. మృగశిర కార్తె వచ్చేలోపు డాక్టరు దొరికి, రోగులు వస్తే సరే. లేదంటే మూసేసి అందరం పెద్దకోనకే పోదాం" అన్నాడు.

"వానలు పడి వాగు పొంగితే ఎలా పోతాం పెద్దాయనా?"

"అదీ నిజమే" అన్నాడు పెద్దాయన. అనేసి తన దారిన వెళ్ళిపోయాడు.

సింగారి పెద్దకోనకి నడిచింది. కనిపించిన డాక్టరునల్లా బతిమాలింది. ఒకరు నవ్వారు, ఒకరు చూద్దామన్నారు. చివరికి ఒక జెముడు కాకి ఒప్పుకుంది. పేరు జేగురు. రెక్కలు జేగురు రంగు, కళ్ళు ఎర్రగా చింతనిప్పులు. కొత్తగా చదువు ముగించింది. "గూట్లోంచి జారి రెక్క విరిగితే మీ ఎలుగు డాక్టరుగారే కట్టు కట్టి నిలబెట్టారంట నన్ను. మా అమ్మ చెప్పేది. వస్తాను పద సింగారక్కా" అంది. దారంతా సింగారి కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఇదంతా చూసి ఏడ్చినవాడు ఒక్కడే. వాడు నక్క. ఎదుటివాడికి గొయ్యి తీస్తూ కూడా తల వంచుకుని మాట్లాడతాడని వాడికి వినయాలయ్య అని పేరు పడింది. వాడి బాధ వాడిది. వాడి బొరియ పల్లంలో ఉంది. ఏటా వానల్లో నీళ్ళొస్తాయి. తడిసిన ఒళ్ళుతో రెల్లుపొదలో వణుకుతూ కూర్చోవాలి. పొడిగా, వెచ్చగా ఉండే ఆ బట్టీ మీద వాడి కన్ను ఎప్పట్నుంచో ఉంది. ఆసుపత్రి మూతపడితే చాలు, ఎదురు చెప్పేవాడు లేడు.

డాక్టరమ్మ వచ్చిన మర్నాడే వినయాలయ్య బట్టీ గడప పక్కన తోక చాపుకుని కూర్చున్నాడు. తుర్రమ్మ అనే కుందేలు పిల్లాడిని వీపున వేసుకుని వచ్చింది. వెనకాల చిగురమ్మ, అడవిపంది, దున్నపోతు.

"ఏమ్మా తుర్రమ్మా, పిల్లాడికి ఏమైంది?" అన్నాడు వినయాలయ్య, గొంతులో తేనె కలుపుకుని.

"కాల్లో ముల్లు దిగి చీము పట్టింది బాబాయ్. డాక్టరమ్మకి చూపిద్దామని."

"చూపించమ్మా, తప్పకుండా చూపించు. నాదేముంది, గడప దగ్గర పడుండేవాణ్ణి. ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఎలుగు డాక్టరుగారు తాకితే చాలు, జబ్బు ఎందుకు పోయేది?"

"ఆయన హస్తవాసి అలాంటిది బాబాయ్!"

"హస్తవాసి. అంతే కదా? మరి హస్తమంటే?"

"చెయ్యి."

వినయాలయ్య మెల్లగా తల తిప్పి గుమ్మంలో నిలబడ్డ డాక్టరమ్మ వైపు చూశాడు. అందరూ చూశారు. రెండు రెక్కలున్నాయి, రెండు కాళ్ళున్నాయి, ముక్కుంది. చెయ్యి మాత్రం లేదు.

"నిజమేనర్రోయ్!" అంది అడవిపంది. "చేతుల్లేనిదానికి హస్తవాసి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"అమ్మో, ముట్టుకుంటే ఎక్కువవుతుందేమో" అన్నాడు దున్నపోతు.

గిట్టలవాళ్ళు, డెక్కలవాళ్ళు, పంజాలవాళ్ళు కలిసి, చేతుల్లేని డాక్టరు పనికిరాదని తేల్చేశారు. తమలో ఒక్కరికీ చెయ్యి లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"అయితే కోతిని డాక్టరుగా పెడదామా? చేతులున్నాయి" అంది పంది.

"చాల్లే. కోతి పుండు బ్రహ్మరాక్షసి అని ఊరికే అన్నారా?" అని చిగురమ్మ కసిరింది. "తన పుండే గీక్కుని పెద్దది చేసుకునేది, మన పుండు మాన్పుతుందా?"

"పెద్దకోనలో కొండముచ్చు డాక్టరుగారున్నారు. ఎంత పొడుగు చేతులో!" అన్నాడు వినయాలయ్య. "వాగు ఎండే ఉందిగా. కాస్త నడవాలంతే."

తుర్రమ్మ పిల్లాడిని సర్దుకుని వెనక్కి తిరిగింది. సింగారి దారికి అడ్డం వెళ్ళి, "తుర్రమ్మా, ఆ ఎండలో పసివాణ్ణి ఎక్కడికి తీసుకెళ్తావే? ముల్లు లాగడానికి ముక్కు కన్నా ఏం కావాలి?" అని గడ్డం పట్టుకున్నంత పని చేసింది. "ఏమో అక్కా, నాకు భయం" అని తుర్రమ్మ కన్నీళ్ళు పెట్టుకుంటూ వెళ్ళిపోయింది. భయపడే తల్లిని ఏమనగలం?

ఆ రోజు నుంచి బట్టీలో ఈగలు తోలుకునే పనే మిగిలింది. జేగురు మందులు తనే నూరి, ఎండిపోతే పారబోసి, మళ్ళీ నూరేది. వినయాలయ్య రోజూ వచ్చి, ఏ మూల పడకేస్తే బాగుంటుందో చూసుకుని పోయేవాడు. రోగులు లేరని కబురు పెద్దాయనకి వాడే మోసుకెళ్ళేవాడు. పోనీ పెద్దకోన నుంచి ఇంకెవరైనా వస్తారా అంటే, "అక్కడ రోగులే రారటగా, మేం వచ్చి ఏం చేస్తాం?" అన్నారు వాళ్ళు. చేతులున్న డాక్టరు లేక రోగులు రారు, రోగులు లేక డాక్టర్లు రారు. నడుమ సింగారి ఉత్త నేలనే ఊడుస్తూ ఉండేది.

మృగశిర రేపనగా పెద్దాయన బట్టీ దగ్గరికి వచ్చాడు. మూసేస్తారట, చూద్దామని కోనంతా వచ్చింది. అదే పూట తుర్రమ్మ కూడా పెద్దకోన నుంచి తిరిగొచ్చింది. అక్కడ జనం ఇసకేస్తే రాలనట్టు ఉన్నారట. ఎండలో కూర్చుని కూర్చుని, పొద్దుగూకాక "రేపు రండి" అనిపించుకుని, ఆ రేపు కూడా రేపే అనిపించుకుని వచ్చేసింది. పిల్లాడి కాలు పొట్లకాయలా వాచింది. ఒళ్ళు కాలిపోతోంది. ఏడవడం కూడా మానేశాడు.

జేగురు వాణ్ణి గుమ్మంలోంచే చూసింది. లోపలికి రమ్మని పిలిచింది. తుర్రమ్మ ఒక అడుగు వేసింది, వినయాలయ్య దగ్గాడు, ఆ అడుగు ఆగిపోయింది.

జేగురు లోపలికి వెళ్ళి మూట కట్టుకోవడం మొదలుపెట్టింది. "నేను వెళ్ళిపోతాను సింగారక్కా. నేనుంటే వాళ్ళు గడప తొక్కరు. నేను పోతే చేతులున్నవాళ్ళనైనా వెతుక్కుంటారు. నా మూలంగా ఆ పిల్లాడు పోతే నేను తట్టుకోలేను."

సింగారికి ఒడ్డున పడుకోబెట్టిన తన పిల్లే కనిపించింది. ఏం చెయ్యాలో తోచక, అలవాటుగా నీళ్ళకుండలు వీపుకెత్తుకుని గిర్రున వెనక్కి తిరిగింది. గడపకడ్డంగా చాపి ఉన్న వినయాలయ్య తోక మీద కాలు పడింది.

"చచ్చాన్రో!" అని నక్క ఎగిరిపడ్డాడు.

చిగురమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది. "నక్క తోక తొక్కావే సింగారీ! ఇంక చూస్కో, నీ పంట పండింది!"

అందరూ నవ్వారు. సింగారి నవ్వలేదు. అక్కడే నిలబడిపోయింది. పొడుగాటి చెవులు రెండూ మెల్లగా నిక్కబొడుచుకున్నాయి.

"పెద్దాయనా, మూసే ముందు నాదో చిన్న సందేహం. తీరుస్తారా?" అంది.

"అడుగమ్మా."

"హస్తవాసి ఉందని మనకి ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటి? అందరూ అంటారు" అన్నాడు పెద్దాయన.

"నక్క తోక తొక్కితే అదృష్టమని ఎవరు చెప్పారు?"

"అందరూ అంటారు!" అని కోనంతా ఒక్క గొంతుతో అరిచింది.

"అయితే వినయాలన్నా, నువ్వే చెప్పు. నీ తోక, నీకే తెలియాలి. అది తొక్కితే అదృష్టం నిజమేనా, ఒట్టి మాటా?"

వినయాలయ్యకి పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. ఒట్టి మాట అంటే, అందరూ అనేది ఒట్టి మాట అయినప్పుడు హస్తవాసి మాత్రం గట్టి మాట ఎలా అవుతుందని అడుగుతుంది. పైగా పెద్దాయన ముందు, ఇంతమంది ముందు, సొంత తోకని తనే తీసిపారేసుకోవడమా? గర్వం వాడి చేత మాట్లాడించింది.

"నిజం కాకపోవడమేంటి సింగారక్కా!" అన్నాడు తోక విదిలించి. "మా వంశంలో తోకంటే మాటలా? మా తాత తోక తొక్కిన ఊరకుక్క కరణంగారింట చేరి, బతికినన్నాళ్ళూ నెయ్యన్నం తింది."

"విన్నారుగా!" అంది సింగారి. "చేతికి హస్తవాసి ఉన్నట్టే వినయాలన్నకి తోకవాసి ఉంది. ఇంకేం, డాక్టరమ్మకి చేతుల్లేని లోటు తీరిపోయింది. అన్న ఎలాగూ రోజంతా గడపలోనే ఉంటాడు. తోక తొక్కి లోపలికి రండి. వాసి గడప దగ్గరే అంటుకుంటుంది. డాక్టరమ్మ మందు వేస్తే చాలు."

"అదీ నిజమే" అన్నాడు పెద్దాయన.

వినయాలయ్య నోరు తెరిచేలోపే తుర్రమ్మ, "తప్పుకోండర్రా, నా పిల్లాడు ముందు!" అంటూ దూసుకొచ్చి, తోక మీద రెండు గెంతులు గెంతి లోపలికి పోయింది.

"చూశారా, మల్లెపువ్వు పడ్డట్టుంది" అని వినయాలయ్య నవ్వాడు. అప్పటికింకా నవ్వగలిగాడు.

లోపల జేగురు మూట పక్కన పడేసింది. సింగారి పిల్లాడి కాలు కదలకుండా తన మూతితో అదిమి పట్టింది. జేగురు ముక్కుతో వాపు మొన చీల్చి, లోపలికంటా పోయిన తుమ్మముల్లుని ఒడుపుగా పట్టి బయటికి లాగింది. చీమంతా పోయేదాకా కడిగి, ఆకు పసరు పిండి, కట్టు కట్టింది. పిల్లాడు కెవ్వుమన్నాడు. ఆ కేక విని తుర్రమ్మ ఏడుస్తూనే నవ్వింది. వాడి గొంతు విని ఎంతసేపయిందో!

బయట వరస మొదలైంది. చిగురమ్మ గిట్టలతో టకటకా తొక్కింది. వినయాలయ్య పళ్ళు బిగించాడు. పంది వచ్చింది.

"నీకేం జబ్బు?" అన్నాడు వినయాలయ్య ఏడుపు గొంతుతో.

"జబ్బేం లేదు. ఈ ఏడు చేమదుంపలు బాగా ఊరాలని" అంటూ పంది ఎక్కి దిగింది.

తర్వాత దున్నపోతు. వాడికి చూపు ఆనదో, అదృష్టం మీద ఆశ ఎక్కువో, ఒకసారి తొక్కి, సరిగ్గా పడిందో లేదో అని మళ్ళీ తొక్కాడు. వినయాలయ్య అరుపు వాగు అవతలికి వినిపించి ఉంటుంది.

అప్పుడు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "నాకూ ఎప్పట్నుంచో మోకాలి నొప్పి. ఒకసారి తొక్కి చూస్తే పోలా?"

ఆయన ముందుకాలు పైకి లేచింది. రోలంత పాదం. దాని నీడ వినయాలయ్య తోక మీద, తోకతో పాటు సగం ఒంటి మీద పడింది.

"బాబోయ్, వద్దు పెద్దాయనా! మీ కాళ్ళు పట్టుకుంటా, ఆ కాలు మాత్రం దించొద్దు!" అని వినయాలయ్య భోరుమన్నాడు. "నా తోకలో ఏమీ లేదు! అదృష్టమే ఉంటే నా బొరియలోకి ఏటా నీళ్ళెందుకొస్తాయి? పుట్టినప్పట్నుంచీ ఆ తోక నా వెనకే ఉందిగా!"

లేచిన కాలు లేచినట్టే ఆగింది.

"మరి హస్తవాసి సంగతో?" అని లోపల్నుంచి సింగారి అడిగింది.

"అదీ అంతే అక్కా! బట్టీ ఖాళీ అయితే వానల్లో పొడిగా పడుకుందామని అల్లిన మాట! ఆ డాక్టరమ్మకి ఏ లోటూ లేదు!"

పెద్దాయన కాలు పక్కకి దించాడు. అప్పుడే తుర్రమ్మ గుమ్మంలోకి వచ్చి, "వాడు నీళ్ళడిగాడు. తాగాడు" అంది.

అందరూ తలలు దించుకున్నారు. దున్నపోతైతే తన గిట్టలు తనే కొత్తగా చూసుకున్నాడు.

"చెప్పేవాడికి వినేవాడు లోకువ" అన్నాడు పెద్దాయన బరువుగా. "ఇది నక్క తప్పే కాదు, మనదీ. సింగారీ, బట్టీ మూసేది లేదు. ఇంకేం కావాలో అడుగు."

చాలాకాలంగా ఎవరూ తనని ఆ మాట అడగలేదని సింగారికి గుర్తొచ్చింది. "అదృష్టం అక్కర్లేదు పెద్దాయనా. సాయం కావాలి. నూరేవాళ్ళు, మోసేవాళ్ళు, రోగి పక్కన కూర్చునేవాళ్ళు. డాక్టరమ్మా నేనూ ఇద్దరమే అయితే ఎన్నాళ్ళో లాగలేం. ఒకరోజు మేమూ కొంగలాగే పోతాం. అప్పుడు మమ్మల్ని తిట్టకండి."

ఈసారి పెద్దాయన "అదీ నిజమే" అని ఊరుకోలేదు. నీళ్ళు తొండంతో తనే తెస్తానన్నాడు. ఆకులు నమిలి నమిలి పండిపోయినదాన్ని, నూరడం నాకో లెక్కా అంది చిగురమ్మ. వేళ్ళు తవ్వడానికి పంది, బరువులకి దున్నపోతు. మడి నీళ్ళకి వంతులు వేసుకున్నట్టు ఆసుపత్రి పనికి ఇంటికింత అని వంతులు వేసుకున్నారు. ఆ పూట మొదటిసారిగా సింగారి గోడకి వీపు ఆనించి కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. ఎవరూ లేపలేదు.

అందరూ వెళ్ళాక గడప దగ్గర ఒక సన్నటి మూలుగు మిగిలింది. "డాక్టరమ్మా, నా తోక కాస్త..."

"నాకు చేతుల్లేవుగా బాబాయ్" అంది జేగురు.

"ముక్కు చాలు తల్లీ! ముక్కు చాలు!"

మర్నాడు మృగశిర మాట తప్పకుండా కురిసింది. వాగు ఒడ్లు దాటి పారింది. పెద్దకోన కనిపించడం కూడా మానేసింది. వినయాలయ్య బట్టీలో, కోరుకున్న మూలలోనే, పొడిగా, వెచ్చగా పడుకున్నాడు. తోకకి రెండు వెదురు బద్దలు వేసి కట్టు కట్టి ఉంది. బయట హోరు విన్నప్పుడల్లా, ఈ గోడలూ ఈ పిట్టా లేకపోతే ఆ తోకతో ఏ ఒడ్డున పడి ఉండేవాడో తలుచుకుని కళ్ళు మూసుకునేవాడు.

"అనుకున్న చోటే పడుకున్నావుగా వినయాలన్నా, ఇంకేమైనా కావాలా?" అని సింగారి అడిగింది, నీళ్ళు అందిస్తూ.

"ఏమీ వద్దు అక్కా" అన్నాడు వాడు, ఈసారి నిజమైన వినయంతో. "వచ్చేవాళ్ళని కాస్త చూసుకుని అడుగెయ్యమను."

నీతి: మన కోనలో ఉండి మనల్ని చూసుకునేవాళ్ళదే హస్తవాసి, వాళ్ళకి చేతులున్నా లేకపోయినా.